అద్దాలమ్మాయి గడ్డం

కళ్ళద్దాల దుకాణంలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నా, ముప్ఫై ఏడు దాటినా, అందరికీ ఆమె అద్దాలమ్మాయే. పనిలో చెయ్యి తిరిగిన మనిషి. ఫ్రేము ముక్కు మీద జారుతోందా, చెవుల వెనక నొక్కుతోందా అన్నది ఒక్క చూపులో పట్టేసేది. కాకపోతే ఆ చూపు కోసం ఎదుటివాళ్ళ మొహానికి జానెడు దూరంలో తన మొహం పెట్టాలి. ఆ జానెడు దూరమే ఆమె ప్రాణం తోడేసేది.

ఆమె గడ్డం కింద నల్లగా, బిరుసుగా వెంట్రుకలు మొలిచేవి. ఇరవయ్యో ఏట నాలుగైదు ఉండేవి. పీకినకొద్దీ పెరిగాయో, వయసుతో పెరిగాయో గానీ ఇప్పుడు లెక్కలేదు. రోజూ పొద్దున్నే స్నానాలగది గడియ పెట్టుకుని ప్లక్కర్‌తో పీకేది. పీకిన చోటల్లా చర్మం నల్లబడి, దాన్ని దాచడానికి పౌడరు, పౌడరు కనబడకుండా చున్నీ. భర్తకి తెలియదనుకునేది. ఆయనకి పెళ్ళైన నెలకే తెలిసిపోయింది. తెలియనట్టుండటమే మంచితనం అనుకున్నాడు పాపం.

ఒకరోజు ఓ ఏడేళ్ళ పాప మొదటిసారి కళ్ళద్దాలు పెట్టించుకోవడానికి తల్లితో వచ్చింది. అద్దాలమ్మాయి వంగి, కాడలు సరిచేసి, "ఇప్పుడు బాగా కనిపిస్తోందా తల్లీ?" అంది.

"ఓ! అన్నీ కనిపిస్తున్నాయి. ఆంటీ, నీకు మా నాన్నలాగే గడ్డం ఉంది!"

తల్లి గభాలున పిల్ల నోరు నొక్కేసింది. యజమాని కంప్యూటర్లోకి తల దూర్చాడు. అద్దాలమ్మాయి అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వుతూనే వెనకగదిలోకి పోయి, ఫ్రేముల పెట్టెల మధ్య కూర్చుని, చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ వారమే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ అరచేతిలో వైకుంఠం చూపించే రకం కాదు. నెలసరి సరిగ్గా వస్తోందా, ఏం మందులు వాడుతున్నావు అని అడిగి, హార్మోన్ల కోసం రక్తపరీక్ష రాసింది.

"లేజర్ చేయించుకోవచ్చు. కానీ ఒక్కసారితో పోదు. నెలా నెలన్నరకోసారి, ఆరో ఎనిమిదో సార్లు రావాలి. పూర్తిగా పోతాయని మాటివ్వను, పల్చబడతాయి. తెల్లబడ్డ వెంట్రుకల మీద పనిచెయ్యదు. ఇంకోటి, ఇవాళ్టి నుంచి పీకడం బంద్."

"మరి... అంతవరకూ?"

"గీసుకో. లేజర్ కాంతి వెంట్రుక నలుపుని పట్టుకుని కుదురు దాకా పోతుంది. కుదుళ్ళే పీకేసుకుని వస్తే అది దేన్ని పట్టుకోవాలి? ఎండలో తిరక్కు. మొహానికి ఏం రాసినా, ఏం మింగినా మాకు చెప్పు."

ఆడదాన్నై ఉండి రేజరు పట్టుకోవడమా అని తల వంచుకుంది గానీ, చెప్పినట్టే చేసింది.

మిషను నడిపేది ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ముందు పరీక్షగా చెవి వెనక చిన్న చోట కొట్టి, రెండు రోజులు ఆగి చూసి, అప్పుడు గడ్డం మీద మొదలెట్టింది. కళ్ళకి నల్లద్దాలు, గడ్డానికి చల్లటి జెల్. రబ్బరుబ్యాండు లాగి వదిలినట్టు చురుక్కు, చురుక్కు. "అయిపోయిందక్కా, ఇంకొక్కటి" అంటూ ఇరవైసార్లు అబద్ధమాడేది. రెండోసారికే వెంట్రుకలు రావడం నెమ్మదించింది. అద్దాలమ్మాయికి ఆశ పుట్టింది. ఆశతోపాటు అత్యాశ కూడా. ఎలాగూ వెంట్రుకలు పోతున్నాయి కదా, ఆ నల్లమచ్చ కూడా పోతే? ఎవరో చెప్పారని మందులషాపులో ఓ ట్యూబు కొని రోజూ పడుకునేముందు రాసుకోవడం మొదలెట్టింది. చర్మం కాస్త పొట్టు లేచింది. పని చేస్తోందనుకుని మురిసిపోయింది.

మూడోసారి వెళ్ళిన రోజు ఆ పిల్ల ఎప్పట్లాగే పుస్తకం తెరిచి, "ఏమైనా క్రీములు వాడుతున్నారా అక్కా?" అంది. గదికి అడ్డం ఒక్క తెర. తెర అవతల కుర్చీలో కూర్చున్నది దుకాణానికి వచ్చే ఒక టీచరు. గొంతు గుర్తుపట్టింది అద్దాలమ్మాయి. గడ్డమే కాక, ఈ వయసులో తెల్లబడటానికి క్రీములు కూడానా అని ఆవిడ అనుకోదూ?

"లేదు," అంది. పిల్ల అదే రాసుకుంది.

మర్నాటికి గడ్డం ఎర్రగా ఉబ్బింది. ఆ మర్నాటికి బొబ్బలు, తర్వాత గోధుమరంగు చెక్కులు. పక్కవీధిలో ఉండే పెద్దక్క చూసి లబలబలాడింది. "ఎవర్తే నిన్ను ఇలా కాల్చింది?"

ట్యూబు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. "ఆ పిల్ల... ఎక్కువ పెట్టినట్టుంది" అంది.

అంతే, పెద్దక్క ఆమె చెయ్యి పట్టుకుని క్లినిక్కి ఈడ్చుకెళ్ళింది. నలుగురూ కూర్చున్న హాల్లో నిలబడి, "పని రానివాళ్ళ చేతికి మిషన్లిస్తారా? మీ ఇంటి ఆడపిల్లకైతే ఇలాగే చేస్తారా?" అని దులిపేసింది. ఆ పిల్ల పుస్తకం తెచ్చి చూపించింది. "పోయినసారి పెట్టినంతే పెట్టానండీ. అన్నీ అడిగాను. అక్కా, అడిగాను కదా?"

అద్దాలమ్మాయి తేలు కుట్టిన దొంగలా తన చెప్పులకేసి చూస్తూ నిలబడింది. డాక్టరమ్మ మందు రాసిచ్చి, చెక్కులు గిల్లొద్దని చెప్పి, ఇక ఆ పిల్లని మిషను దగ్గరికి వెళ్ళొద్దంది.

తొమ్మిది రోజులు మాస్కు పెట్టుకుని పనికి వెళ్ళింది. అన్నం సయించలేదు. గడ్డం ఉందని పద్దెనిమిదేళ్ళు సిగ్గుపడింది గానీ, ఆ సిగ్గు ఎవరి కూడూ చెడగొట్టలేదు. ఇది అలా కాదు. పదో రోజు ట్యూబు సంచీలో వేసుకుని వెళ్ళింది. ఆ పిల్ల బయట బల్ల దగ్గర చీటీలు రాస్తోంది. తలెత్తి, "చెప్పండి మేడమ్" అంది. ఆ మేడమ్ అన్న మాట బొబ్బలకంటే ఎక్కువ కాల్చింది.

డాక్టరమ్మ ముందు ట్యూబు పెట్టింది. "ఇది రాసుకునేదాన్ని. అడిగితే లేదన్నాను. తప్పు నాదే."

డాక్టరమ్మ ట్యూబు తిప్పి చదివి, ఆ పిల్లని పిలిచింది. "చర్మం పొట్టు లేపే మందు. పల్చబడ్డ చర్మం మీద లేజర్ పడితే కాలదూ? మొహం పోయుండేది తెలుసా?" అని అద్దాలమ్మాయిని నాలుగు చీవాట్లు పెట్టి, "రేపట్నుంచి మిషను నువ్వే చూసుకో" అంది పిల్లతో.

బయటికొచ్చాక అద్దాలమ్మాయి, "క్షమించమ్మా" అంది.

"మీరొచ్చి చెప్పడం మంచిదైంది," అంది ఆ పిల్ల. చీటీలు సర్దుకుంటూ, "మిషను పని పోయిందని మా అమ్మకి చెప్పాను. రెండు రోజులు ఏడ్చింది" అంది.

పెద్దక్కకి చెప్పడం అంతకంటే కష్టమైంది. "నా నోటితో ఆ పిల్లని అన్ని మాటలనిపించావు కదే!" అని నెలరోజులు మాట్లాడలేదు.

కాలిన మచ్చలు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. తర్వాత మిగతా విడతలు ఆ పిల్ల చేతిమీదే జరిగాయి. ఇప్పుడు క్రీముల ప్రశ్నకి జవాబు నోటితో చెప్పనివ్వదు. కాగితం ఇచ్చి రాయించి, సంతకం పెట్టిస్తుంది. అద్దాలమ్మాయి రాత్రి రాసుకునే కొబ్బరినూనెతో సహా రాస్తుంది. వెంట్రుకలు చాలావరకు తగ్గాయి. వారానికోసారి నాలుగైదు వస్తే గీసుకుంటుంది, గడియ పెట్టుకోకుండానే. కానీ ఆ క్లినిక్ హాల్లో అడుగుపెట్టినప్పుడల్లా మాత్రం, ఎవరూ చూడకపోయినా, తల దానంతటదే వాలిపోతుంది.