గంజి పెట్టిన రెక్కలు

“నేను చెప్పాను కదరా, జిగురు అంత పూస్తే తోక బరువెక్కుద్దని! విన్నావా?”

“అన్నీ నువ్వే చెప్పావులే! తక్కువ పూస్తే గాల్లో ఊడిపోద్ది, అప్పుడూ నన్నే అంటావు.”

“అయితే లెక్క వేసి చూపించు.”

“చూపిస్తా, ముందు ఆ పెన్ను ఇటియ్యి.”

మొన్న మా హాల్లో ఇలా కొట్టుకున్నది మా మనవరాలూ, దానితో ఇంజనీరింగు చదివే కుర్రాడూను. వాళ్ళ కాలేజీ జట్టు ఏదో పోటీకి బుల్లి విమానం తయారుచేస్తోంది, ఆ జట్టుకి మా పిల్లే పెద్ద. నేలంతా జిగురు మరకలు చేసినందుకు ఇద్దరినీ కేకలేశాను గానీ, ఆ కుర్రాడు బుద్ధిగా కూర్చుని లెక్క వేసి, తప్పు తనదేనని తేలాక “సరేనే తల్లీ” అని తోక విప్పడం చూసేసరికి, ఎప్పుడో చల్లారిందనుకున్న ఉక్రోషం ఒకటి మళ్ళీ రాజుకుంది.

స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడో, ఆ పై ఏడో. నాకు పదకొండేళ్ళు. అయిదో తరగతితో బడి మాన్పించారు. మద్రాసులో ఇంజనీరింగు చదివే మా అన్నయ్య వేసవి సెలవులకు ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని రెడ్డిగూడెం దగ్గర మా మామిడితోటకు వచ్చాడు. ఇంజను లేకుండా గాలి మీదే తేలే విమానం చేయాలట, ఎవరిది ఎక్కువసేపు తేలితే వాళ్ళది గెలుపట, గెలిచిన జట్టును నిజం విమానాలు తయారయ్యే చోటుకి పంపి పని నేర్పిస్తారట. అన్నయ్యకు ఆ ధ్యాసలో అన్నం కూడా సయించేది కాదు.

కోతల రోజుల్లో కాయలు దించే చిక్కం కర్రను వీళ్ళు చీల్చి రెక్కలకు బద్దలు చేసుకుంటే, నాన్నగారు చిందులు తొక్కి, చివరికి కొడుకు కదా అని ఊరుకున్నారు. ఆ బద్దల మీద పాత మల్లు పంచె పరిచి కుట్టింది నేను. గుడ్డ బిగియడానికి పూసే మందు మద్రాసులో తప్ప దొరకదని, చీరకు పెట్టినట్టే గంజి పెడదామన్నారు. నేను ఊరుకోలేకపోయాను. గంజి ఎండకి బిగుస్తుంది, తేమ తగిలితే మెత్తబడుతుంది. గంజి చీర కట్టి వానలో తడిసిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. కొండపల్లి బొమ్మలవాళ్ళలా చింతగింజల జిగురు చేసి పూద్దామన్నాను. ఇంట్లో కుండెడు గింజలు దాచి ఉంచాను కూడా.

“ఇది బొమ్మ కాదే పిచ్చిమొహమా, విమానం!” అన్నాడు అన్నయ్య.

“మీ చెల్లెల్ని మనకి ప్రొఫెసరుగా వేయించరా!” అని ఒక స్నేహితుడు పడీపడీ నవ్వాడు.

నోరు మూసుకుని వాళ్ళు చెప్పిన చిక్కదనానికి గంజి కాచి ఇచ్చాను. ఎండకు రెక్కలు డప్పుల్లా బిగిశాయి. గట్టు మీంచి విసిరితే ఆ విమానం చెట్ల తలల మీదుగా తేలి తేలి దిగేది, కూలీలు కోత ఆపి చూసేవారు. నా కుట్టు గాల్లో పోతోందని నాకూ గర్వంగానే ఉండేది.

పోటీకి ప్రయాణమయ్యే ముందురోజు సాయంత్రం గాలివాన పట్టుకుంది. ఇల్లంతా కురుస్తోంది. కురవనిది కాయలు మాగవేసే గది ఒక్కటే కనక విమానాన్ని మోసుకెళ్ళి అందులో పెడుతున్నారు. వరిగడ్డిలో మాగే కాయలు ఎంత ఆవిరి చిమ్ముతాయో, రోజూ వాటిని తిరగేసే నాకు తెలుసు, అయిదు నిమిషాలుంటే రవిక ఒంటికి అతుక్కుంటుంది.

“అన్నయ్యా, అందులో వద్దు. ఆ గదికి చెమట పడుద్ది.”

“గదికి చెమటేంటే? జ్వరం వచ్చిందా ఏంటి దానికి?”

ముగ్గురూ నవ్వారు. మగపిల్లల పనిలో నీకెందుకే అని అమ్మ నా చెవి మెలేసి వంటింట్లోకి లాక్కుపోయింది.

ఇప్పుడు మా మనవరాలు ఒక మాటంటే లెక్క వేసి చూస్తారు, చెవి మెలెయ్యరు. కాలం మంచికే మారిందని సంతోషించాలి, సంతోషిస్తూనే ఉన్నాను. కానీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎందుకలా అంటున్నావని ఆ రోజు నన్నెవరైనా అడిగి ఉంటే ఏం పోయేది?

తెల్లవారి గది తలుపు తీశారు. గుడ్డ వేలాడిపోయి పుల్లవాసన వేస్తోంది, ఒక రెక్క మెలి తిరిగింది. అన్నయ్య గట్టెక్కి విసిరితే అది పక్కకు ఒరిగి, తిన్నగా నేలకు గుద్దుకుని, నడిమికి విరిగింది. తర్వాత అన్నయ్య స్నేహితుల వైపు తిరిగి, “మా చెల్లి గంజి పల్చగా కాచిందిరా,” అన్నాడు. వాళ్ళు తలలూపారు. ఎండెక్కకముందే ముగ్గురూ ఒట్టి చేతులతో బండెక్కి స్టేషనుకు వెళ్ళిపోయారు.