రబ్బరు పెట్టినా పోని పేర్లు

నా చిన్నప్పుడు, మేము డాలస్ పక్కన అద్దె ఇంట్లో ఉన్న రోజుల్లో, పదేళ్ళొచ్చినా నాకు అక్షరాలు రావు. గుంటూరు దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బడి ఎగ్గొట్టాను. ఇక్కడికొచ్చాక పక్కపిల్ల ఏది గీస్తే అదే గీసి నెట్టుకొచ్చాను. తెలిస్తే చిన్నపిల్లల క్లాసులో కూర్చోబెడతారని భయం. మా అమ్మకి కూడా చెప్పలేదు. అమ్మ ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ దిగి వచ్చేసరికి ఆరయ్యేది. అందాకా పక్కింటి ఆంటీ దగ్గరే ఉండేదాన్ని.

ఆంటీ అమెరికన్ ఆవిడ, అరవై దాటిన మనిషి. ఊరి ఆర్కెస్ట్రాలో సంగీతం పుస్తకాలు భద్రం చేసే పని ఆవిడది. ఒక్కో వాయిద్యానికి దాని స్వరాలు అచ్చేసిన ఒక్కో పుస్తకం. వాయించేవాళ్ళు వాటి మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకునేవాళ్ళు. ఆఖరి పేజీ అడుగున తమ పేరు, వాయించిన తారీఖు రాసేవాళ్ళు. అది వాళ్ళ అలవాటు.

ఒకరోజు ఒకే సంగీతానికి చెందిన అలాంటి పుస్తకాలు ఒక అట్టపెట్టె నిండా ఇంటికి తెచ్చింది. ఒకప్పుడు ఆ సంగీతమంటే జనం పడిచచ్చేవారట, ఏటా ఉండాల్సిందేనట. ఇరవై ఏళ్ళుగా ఎవరూ ముట్టలేదు. ఎందుకు మానేశారని అడిగాను.

"ఎవరూ మానేయలేదు. ఒక ఏడాది వాయించలేదు, మరుసటేడు ఎవరూ అడగలేదు" అంది.

నాకది అర్థం కాలేదు. ఇప్పటికీ సరిగ్గా కాలేదు.

ఆర్కెస్ట్రాని నడిపించే కొత్తాయన ఒకసారి చూస్తానన్నాడట. నచ్చకపోతే ఆ పెట్టె చెత్తలోకే. ఆంటీ నా చేతికి రబ్బరిచ్చి, "పాత గుర్తులు చెరుపు. పేర్లు మాత్రం ముట్టకు, ఎన్నిసార్లు వాయించారో ఆయనకి చూపించేవి అవే" అని వంటింట్లోకి వెళ్ళింది.

ఏవి గుర్తులో ఏవి పేర్లో నాకేం తెలుసు? అన్నీ గీతలే. అడిగితే గుట్టు బయటపడుతుంది. ఏడు పుస్తకాలు శుభ్రంగా తుడిచిపెట్టాను.

ఆంటీ వచ్చి ఆఖరి పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. తర్వాత నా మొహం చూసి, "నీకు చదవడం రాదు కదూ" అంది. తలూపాను. ఒక పేజీ తీసి కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టింది. పెన్సిల్ నలుపు పోయింది గానీ నొక్కిన గాడి ఉంది. పెన్సిలిచ్చి, ఆ గాడిలోనే పోనిమ్మంది. ఇది ఆర్, ఇది ఓ అని చెబుతూ పోయింది. రోజుకి రెండు మూడు పేర్లు. తేలికచేత్తో రాసినవాళ్ళ పేర్లు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

నెల తర్వాత ఆంటీ ఆ పేర్లన్నీ మా అమ్మ ముందు నాచేత చదివించింది. "ఎవరే వీళ్ళంతా, ఆంటీ చుట్టాలా?" అంది అమ్మ. అప్పుడు నిజం చెప్పేశాను. అమ్మ నా పక్కన కూలబడి, మళ్ళీ మొదట్నుంచి చదవమంది.

కొత్తాయన పేజీలన్నీ తిప్పి, బాగున్నాయని మెచ్చుకుని, వాయించకుండానే పెట్టె వెనక్కి పంపేశాడు. ఆ సంగీతం ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు.

ఆవిడ నన్ను కూర్చోబెట్టింది పేర్ల కోసమా, నా కోసమా? పేర్ల కోసమైతే తనే ఒక్క పూటలో రాసుకునేది. నా కోసమైతే ఇంటినిండా వేరే పుస్తకాలున్నాయి. పెద్దయ్యాక ఒకసారి అడిగేశాను. "రెండూ అయ్యాయిగా, ఇంకేం కావాలి?" అని టీ పోసింది.

ఇప్పుడు నేనెక్కడ సంతకం పెట్టినా గట్టిగా నొక్కి పెడతాను. కింది కాగితం మీద కూడా పడుతోందండీ అంటారు. పడనీ అంటాను.