పనిలో ఉన్న రాగిబిళ్ళ

పుణ్యవతి రోజూ పొద్దున్నే ల్యాబులో ఎవరితోనూ మాట కలపకముందే ఒక పని చేసేది. రూపాయంత రాగిబిళ్ళను, తడిగుడ్డ మీద తెల్లటి మెత్తని పొడి చల్లి, బిళ్ళలో తన కనుబొమ్మ కనబడేదాకా రుద్దేది. పెదవులు మాత్రం ఊరికే ఉండేవి కావు. అది ప్రార్థనో, వట్టి కంగారో, పైనున్న ఆయనకే తెలియాలి.

ఆ బిళ్ళను ఒకరకం ఉప్పు కలిపిన నీళ్ళలో ముంచి, బొగ్గుపులుసు వాయువును బుడగలుగా వదులుతూ కరెంటు పెడితే, ఆ వాయువులో కొంత మండే గ్యాసుగా మారేది. తీరా అరగంటకే రాగి అలిసిపోయి, ఆ మార్పు ఆగిపోయేది. ఎందుకలా అవుతోందో బయటికి తీసి చూద్దామంటే, గాలి తగలగానే దాని పైపొరే మారిపోయేది. పనిలో ఉండగానే చూడాలి. అందుకని ఆమెకు చదువు చెప్పే రామ్మోహనరావుగారు ఎవరినో బతిమాలి, కంటికి కనబడని వెలుగును అద్దాల మీదుగా రాగి మీదికి పంపే యంత్రాన్ని పదిహేను రోజులకు ఎరువు తెచ్చిపెట్టారు. రేపే ఆఖరి రోజు. రాగి మీద జరిగేది చూపుతూ యంత్రం గీసే గీత నలభై నిమిషాలు చెదరకుండా వస్తే చాలు, రెండేళ్ళ కష్టం గట్టెక్కుతుంది.

గీత రోజూ చెదిరేది. తప్పు తన చేతిదేననుకుంది. బిళ్ళను మళ్ళీ రుద్దింది, నీళ్ళు మార్చింది. మూసాపేటలో బస్సెక్కాక సీటు దొరికినా కుదురుగా కూర్చోలేక, లేచి నిలబడే వచ్చేది.

ఆరోజు గేటు పక్కన తన కొట్టు నుంచి టీ తెచ్చిన భూలక్ష్మి, ఎవరూ అడక్కుండానే అరమీది గాజుసీసాల కింద మడతగుడ్డ పరుస్తోంది.

"అదెందుకు భూలక్ష్మీ?"

"సీసలు పగుల్తయని. మన ఎనక గుట్టమీద డ్రిల్లు నడుస్తలేదా? హైటెక్ బిల్డింగులంటూ పొద్దంత బండ తొలుస్తనే ఉన్నరు. నా గ్లాసులైతే ఒకదానికొకటి కొట్టుకుంటున్నయి. నీకు ఇనవడతలేదా?"

ఏడాదిగా విని విని పుణ్యవతి చెవులు ఆ మోతను పట్టించుకోవడం మానేశాయి. యంత్రం అద్దాలు మానలేదు; ఆ అదురుకే గీత చెదురుతోంది.

పుణ్యవతి టీ ముట్టకుండానే, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని గుట్టెక్కింది. అక్కడ బండ తొలిపిస్తున్న మేస్త్రి ఆంజనేయులు అంతా విని నవ్వాడు.

"నీ రాగిబిళ్ళ కోసం గుట్ట ఆగాల్నా తల్లీ?"

"అది పనిలో ఉన్నప్పుడే నిజం చెబుతుందండి అన్నయ్యగారూ. బయటికి తీశామా, వేషం మార్చేస్తుంది."

"అట్లనా! అయితే మా కూలోళ్ళ లెక్కనే. నేనుంటే ఒక తీరు, పక్కకు పోతే ఇంకో తీరు!"

కూలీలు గొల్లుమన్నారు. ఆమె నవ్వబోయింది గాని, వేళ్ళు చున్నీ అంచును మెలిపెడుతూనే ఉన్నాయి. అది చూసి మేస్త్రి తన తువ్వాలుతో ఒక రాయి మీది దుమ్ము తుడిచాడు.

"కూసో బిడ్డా. ఎంతసేపు ఆపాలె?"

ఆమె కూర్చోలేదు.

"రేపు పదకొండు నుంచి నలభై నిమిషాలండి. మధ్యలో ఒక్కసారి అదిరినా మళ్ళీ మొదటికొస్తుంది. ఆ కాసేపూ గడ్డపార కూడా ఎత్తనివ్వకండి అన్నయ్యగారూ. మీ మేలు మరిచిపోను."