బాలమ్మక్కకు అమ్మిన చిన్న ట్రాక్టర్

1992లో సిద్దిపేటలో, మెదక్ రోడ్డు పక్కన నాకో రేకుల షెడ్డు ఉండేది. పాత ట్రాక్టర్లు కొని, బాగుచేసి అమ్మేవాణ్ని. అంతకుముందు పదేళ్లు మెకానిక్‌గా చేశాను. చప్పుడు వింటే చాలు, ఇంజన్ ఎంత అరిగిందో చెప్పగలనన్న గర్వం కొంచెం ఉండేది.

ఆ వేసవిలో చంద్లాపూర్ నుంచి ఒక చిన్న ట్రాక్టర్ వచ్చింది. పద్దెనిమిది హెచ్‌పీ. అప్పట్లో మావైపు అందరికీ పెద్ద బండ్లే కావాలి. దీన్ని చూసినవాళ్లు "గిది దున్నుతదా, ఆడుకుంటదా?" అని నవ్వి పోయేవాళ్లు. రెండు నెలలు అలాగే పడి ఉంది.

ఒకరోజు నంగునూరు నుంచి బాలమ్మ అనే ఆవిడ తమ్ముడు యాదగిరిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. భర్త పోయాక నాలుగెకరాలు తనే చేసుకుంటోంది. ఆ చేనుకు దారి సన్నటి గట్టు మీదుగా. పెద్ద ట్రాక్టర్ పోదు. కిరాయి ఎడ్లేమో ఊళ్లో అందరి దున్నకాలూ అయ్యాకే ఆమె చేనుకు వచ్చేవి. అప్పటికి అదును దాటిపోయేది.

కొంగుముడిలోంచి సుతిలి తాడు తీసి వెనక టైర్ల బయటి అంచుల మీదుగా పట్టి చూసింది. గట్టు వెడల్పు కొలిచి తెచ్చిన సుతిలి అది.

"పడుతది యాదగిరీ" అంది, మొహం వెలిగిపోతూ.

తర్వాత వెనకున్న కల్టివేటర్ నాగలిని పైకి లేపించి, ఇంజన్ బంద్ చేయించి, ఛాయ్ తాగి వచ్చింది. హైడ్రాలిక్ లిఫ్ట్, అంటే నాగలిని లేపి పట్టే ఏర్పాటు, బలహీనమైతే ఈలోపు నాగలి కిందికి జారుతుంది. జారలేదు. అంత తెలివైన పరీక్ష పెట్టిన కొనుగోలుదారును నేనప్పటికి చూడలేదు.

చివరికి నా వైపు తిరిగి, "తమ్మీ, ఇంకేమన్న ఉంటె ఇప్పుడే చెప్పు" అంది.

"ఏం లేదక్కా. బండి మంచిగుంది" అన్నాను.

ఒకటి ఉంది. ట్రాక్టర్‌కు రెండు బ్రేక్ పెడల్స్ ఉంటాయి, ఒక్కో వెనక చక్రానికి ఒకటి. చేలో మూలమలుపు తిరగడానికి ఒకదాన్నే తొక్కుతారు. రోడ్డెక్కినప్పుడు మాత్రం రెండింటినీ పిన్నుతో కలపాలి. లేకపోతే ఒక చక్రమే ఆగి బండి పక్కకు తిరిగిపోతుంది. ఈ బండికి ఆ పిన్ను పోతే, ఓ మేకును వంచి పెట్టి పైన రంగు వేశాను. పిన్ను కోసం హైదరాబాద్ పోవాలి. ఇంత చిన్నదానికి ఎందుకులే అనుకున్నాను. నా మాట నమ్మి ఆమె బండి కొని తీసుకుపోయింది.

తొలకరి పడిన వారానికి బాలమ్మ మళ్లీ షెడ్డుకొచ్చింది. నా దగ్గర ఇద్దరు రైతులు బేరమాడుతున్నారు. ఆమె ఏమీ అనకుండా గడప పక్కన కూర్చుంది. వాళ్లు వెళ్లాక లేచి, విరిగిన మేకు ముక్క నా బల్ల మీద పెట్టింది.

"రోడ్డు మీద మోరి కాడ దిగుడుల యాదగిరి బ్రేక్ తొక్కిండు. బండి గిర్రున తిరిగి కాలువల పడ్డది. వాడు దుంకిండు గనుక బతికిండు. కాలు బొక్క ఇరిగింది. దవాఖానల ఉన్నడు."

"తెలిసే పెట్టిన అక్కా. నాదే తప్పు" అన్నాను.

"నాకెరికే. రంగేసినవ్ గద." షెడ్డులో వరుసగా ఉన్న బండ్లవైపు చూపించింది. "లొల్లి పెట్టనీకి రాలే. గవి గూడ ఎవళ్లో కొంటరు. వాటి పిన్నులు చూసుకోమని చెప్పనీకొచ్చిన."

ఆ రైతుల ముందే ఆమె నోరు విప్పి ఉంటే ఆ రోజుతో నా వ్యాపారం ముగిసేది. అంత కష్టంలోనూ వాళ్లు వెళ్లేదాకా ఆగింది.

దవాఖానకు వెళ్లి యాదగిరి ముందు తలదించుకుని నిలబడ్డాను. వైద్యం ఖర్చు నేను పెట్టుకున్నాను. "నేను నడపకుంటె చేను ఆగుతది. గదొక్కటే రంది" అన్నాడతను.

హైదరాబాద్ వెళ్లి అసలు పిన్ను తెచ్చాను. నంగునూరులోనే ఉండి, వంగిన ముందు యాక్సిల్ సరిచేసి, మిగిలిన రెండెకరాలు నేనే దున్నాను. బాలమ్మ గట్టు మీద నిలబడి చూసింది. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తిట్టి ఉంటే ఆ ముద్ద సులువుగా దిగేది.

ఆ తర్వాత కొనేవాళ్లకు బండి గుణాలకంటే ముందు లోపాలు చెప్పడం మొదలుపెట్టాను. కొన్ని బేరాలు చెడిపోయాయి కూడా.

మరుసటేడు ఆమె తన పక్క చేను మల్లయ్యను తీసుకొచ్చింది. అతను నన్ను నమ్మలేనట్టు చూసి, "అక్కా, గీనె దగ్గర్నే గద మీ యాదగిరి పడ్డది?" అని అడిగాడు.

"అవు. గీనె దగ్గర్నే" అంది బాలమ్మ. "తప్పు చేసిండు, ఒప్పుకున్నడు, వచ్చి దున్నిండు. ఇగ దాయడు. నువ్వు ధైర్నంగ అడుగు."

మల్లయ్య అడిగాడు. ఉన్న లోపాలన్నీ చెప్పాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఈ పని చేశాను. ఎవరైనా నన్ను నిజాయితీపరుడని అంటే, అది నాకు నంగునూరు బాలమ్మక్క పెట్టిన భిక్ష అనే చెబుతాను.