ఖాళీ పొడి

బుల్లిబాబు పోయినప్పుడు ఈశ్వరి ఏడవలేదు.

ఆమె భర్త జీడిపిక్కల లారీ నడిపేవాడు. ఎండలు మండిపోతున్న మే నెలలో, నక్కపల్లి దగ్గర హైవే పక్కన టీ కోసం బండి ఆపి, కిందికి దిగి, అక్కడే కూలిపోయాడు. గుండెపోటు అన్నారు. నలభై కూడా నిండలేదు. శవం ఇంటికొచ్చాక అత్తగారు సింహాద్రమ్మ వీధి చివరిదాకా వినబడేలా గుండెలు బాదుకుని ఏడ్చింది. ఈశ్వరి వచ్చినవాళ్లకి మంచినీళ్లు అందిస్తూ తిరిగింది. ఎవరో పట్టుకుని కూర్చోబెడితే కూర్చుంది. లేవమంటే లేచింది.

పెద్దకర్మ అయ్యాక మరికొన్నాళ్లు ఇంట్లోనే ఉండి, మళ్లీ ఉద్యోగానికి వెళ్లింది.

ఆమె పనిచేసేది జీవన ఎరువులు తయారుచేసే చిన్న ల్యాబులో. నర్సీపట్నం దాటి బలిఘట్టం వెళ్లే దారిలో రెండు గదులు, ఒక గోడౌను. మైక్రోబయాలజీ డిగ్రీ చేసి కాంట్రాక్టు మీద చేరింది. ఆ కాంట్రాక్టు ఏటా పొడిగిస్తూ పోయారు, ఈమె ఏటా సంతకం పెడుతూ పోయింది. మినుము, పెసర, వేరుశెనగ మొక్కల వేళ్లకి చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. ఆ బ్యాక్టీరియాని పెంచి, నల్లటి లిగ్నైట్ బొగ్గు పొడిలో కలిపి, ప్యాకెట్లు కట్టి రైతులకివ్వడం వీళ్ల పని. రైతు దాన్ని విత్తనానికి పట్టించి చల్లుకుంటే యూరియా కొంత తగ్గించుకోవచ్చు. మొత్తానికి మూలం ఫ్రిజ్జులో ఉండే కొన్ని గాజు గొట్టాలు. తల్లి కల్చరు అంటారు వాటిని. అది బతికుంటే ఎన్ని ప్యాకెట్లైనా చేయొచ్చు. లేకపోతే మిగిలేది పొడే.

తిరిగొచ్చిన రోజు ఈశ్వరి ఫ్రిజ్జు తలుపు తీసింది. లోపల లైటు వెలగలేదు. పుల్లటి ముక్కిన వాసన వచ్చింది. గొట్టాల్లో కల్చరు ఎండిపోయి, దాని మీద బూజు పట్టి ఉంది.

అటెండరు మత్స్యలింగం వెనక నిలబడి తల గోక్కున్నాడు. "ఎప్పుడు ఆగిపోనాదో తెల్దక్కా. ఎవులూ తలుపు తియ్యలేదు."

"ఊఁ" అంది ఈశ్వరి. గొట్టాలన్నీ తీసి, మరిగించి, కడిగి బోర్లించింది. పోయింది బుల్లిబాబు అయినా, కల్చరు అయినా లోపల ఒకేలా ఉంది. ఏమీ లేనట్టుగా.

తర్వాత పని లేదు. కొత్త కల్చరు కోసం పైకి రాశారు, ఫ్రిజ్జు రిపేరుకీ రాశారు. జవాబు రాలేదు. పొద్దున్నే వచ్చి బయోమెట్రిక్‌లో వేలు పెట్టడం, సాయంత్రం మళ్లీ పెట్టి వెళ్లడం. మత్స్యలింగం గోడౌనులో బస్తాల మీద పడుకునేవాడు. వాచ్‌మన్ సూరన్న గేటు దగ్గర ఫోనులో పాటలు వినేవాడు. ఈశ్వరి ల్యాబులో బల్ల ముందు కూర్చుని తుడిచిన గాజు సామాను మళ్లీ తుడిచేది. మందలించేవాళ్లూ లేరు. ఇన్‌చార్జి రాజుబాబు గారు వ్యవసాయాధికారి. ఆయనకి ఇది అదనపు బాధ్యత, వారానికోసారి వచ్చి చూసి వెళ్లేవారు.

ఆగస్టులో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. వ్యవసాయ సంస్థల్లో సిబ్బందికి ఉత్సాహం తగ్గిపోయిందట, అందరికీ ప్రేరణ శిక్షణ ఇవ్వాలట. విశాఖపట్నం నుంచి టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. చుట్టుపక్కల మండలాల వాళ్లందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టాడు. చప్పట్లు కొట్టించాడు. పక్కవాళ్ల భుజం తట్టమన్నాడు. ఆ తర్వాత మైకు పట్టుకుని కుర్చీల మధ్య తిరుగుతూ, "పొద్దున లేచి మీరు ఆఫీసుకి ఎందుకొస్తున్నారు? మనసులోంచి చెప్పండి" అని అడిగాడు.

మైకు సూరన్న దగ్గర ఆగింది. "వేలు పెట్టడానికి బాబూ" అన్నాడు సూరన్న. హాలంతా నవ్వింది. శిక్షకుడూ నవ్వి, మైకు ఈశ్వరి ముందు పెట్టాడు.

"ఇంటి దగ్గర ఏటి సెయ్యాలో తెలీక" అంది ఈశ్వరి.

ఎవరూ నవ్వలేదు. శిక్షకుడు ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, మెల్లిగా మైకు వెనక్కి తీసుకున్నాడు. మనిషి మంచివాడే. భోజనాల దగ్గర ఆమె ప్లేటులో తనే స్వీటు వేశాడు. ఆమె తినేసింది. ఏం స్వీటో తర్వాత అడిగితే చెప్పలేకపోయేది.

సెప్టెంబరు వచ్చేసరికి రాజుబాబు గారి మీద ఒత్తిడి పెరిగింది. వరి కోతలయ్యాక మినుము చల్లే రైతుల కోసం ప్యాకెట్లు సిద్ధం చేయమని పైనుంచి రోజూ ఫోన్లు. ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి, కూర్చోకుండా, కిటికీ వైపు చూస్తూ అన్నారు.

"పొడి ఉంది. కవర్లున్నాయి. కట్టేద్దాం ఈశ్వరి గారూ. కల్చరు వచ్చాక మళ్లీ మంచివి పంపుదాం. ఇప్పుడు ఎవరికి తెలుస్తుంది?"

"తెలీదు సార్" అంది ఈశ్వరి.

ఆయన కాసేపు నిలబడ్డారు. ఆమె కాదంటుందని ఆశపడ్డారేమో. ఆమె మళ్లీ గాజు సామాను తుడవడంలో పడింది. ఆయన కారెక్కి వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి ఖాళీ పొడి ప్యాకెట్లు కట్టడం మొదలైంది. మత్స్యలింగం పొడి తూచి కవర్లలో పోస్తుంటే ఈశ్వరి సీలు వేసేది. చేతులు వాటంతటవే ఆడేవి. సీలింగు మిషను వేడికి కవరు అంచు కరిగి అతుక్కుంటుంటే చూస్తూ ఉండేది. తప్పు చేస్తున్నానని అనుకోలేదు. ఒప్పనీ అనుకోలేదు. గోడౌనులో ఒక మూల ప్యాకెట్లు నడుము ఎత్తు పేరుకున్నాయి.

ఆ పని నడుస్తుండగానే రావికమతం వైపు నుంచి లోవమ్మ అనే రైతు వచ్చింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, చేతిలో గుడ్డ సంచీతో నేరుగా లోపలికే వచ్చేసింది.

"అమ్మా, నల్లపొడి పేకెట్లు ఉన్నాయేటి? పోయినేడు ఇక్కడే అట్టుకెళ్లినాను."

మత్స్యలింగం లేచి, కట్టిన వాటిలోంచి ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. లోవమ్మ దాన్ని సంచీలో వేసుకుంటూ మాట్లాడుతూనే ఉంది.

"పోయినేడు ఇది కలిపి సల్లిన పొలం సెక్కలోనే ఈ ఏడు మెట్టమినుము ఏసినాను. ఈపాలి ఏటీ కలపలేదు. అయినా సూడాల, మొక్క నల్లగా నిగనిగలాడతన్నాది. పక్కోల్లది పసుపు రంగు తిరిగిపోనాది. అందుకే ఇంకో సెక్కకి కూడా అట్టుకెల్దామని బేగి వొచ్చీసినాను."

ఈశ్వరి మిషను మీంచి చెయ్యి తీసింది. లేచి వచ్చి, లోవమ్మ సంచీలో చెయ్యి పెట్టి ఆ ప్యాకెట్టు తీసేసుకుంది.

"ఇందులో ఏటీ లేదమ్మా. ఉత్త పొడి."

లోవమ్మకి అర్థం కాలేదు. మత్స్యలింగం తల దించుకున్నాడు.

"అయితే ఎందుకు కడతన్నారు?" అంది లోవమ్మ.

ఈశ్వరి ఆ ప్యాకెట్టుని మూలనున్న వాటి మీదికి విసిరింది. లోవమ్మ వైపు తిరిగి, "మీ సేను ఎక్కడ?" అని అడిగింది.

ఆదివారం బస్సెక్కి వెళ్లింది. ఉత్సాహంతో వెళ్లిందని చెప్పలేం. ఇంట్లో ఉంటే అత్తగారు కొడుకు ఫోటో ముందు కూర్చుని ఏడుస్తుంది, ఆ గదిలో తను ఎక్కడ నిలబడాలో ఈశ్వరికి తెలియదు. లోవమ్మ చేను కాలవకి అవతల ఎర్రమట్టి దిబ్బ మీద ఉంది. ఈశ్వరి చాకుతో మట్టి గుల్ల చేసి, వేరు తెగకుండా ఒక మొక్కని పైకి తీసింది. వేళ్లకి బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి. ఒకదాన్ని గోటితో చీల్చింది. లోపల గులాబీ రంగు.

"బాగున్నాదేటి?" అంది లోవమ్మ వంగి చూస్తూ.

"బతికున్నాది" అంది ఈశ్వరి.

పోయినేడు తాము ఇచ్చిన బ్యాక్టీరియాయే మట్టిలో నిలిచిపోయి ఉండొచ్చు. ఆ నేలలో మొదట్నుంచీ ఉన్నదైనా కావచ్చు. చూసి చెప్పడానికి వీల్లేదు. మొక్కల్ని మట్టితో సహా తడిగుడ్డలో చుట్టుకుని తిరిగొచ్చింది.

సోమవారం ఎవరికీ చెప్పకుండానే మొదలుపెట్టింది. బుడిపెల్ని పైనున్న క్రిములు పోయేలా స్పిరిట్‌లో, మందునీళ్లలో కడిగి, శుభ్రమైన నీళ్లలో నలిపి, ఆ రసాన్ని గాజు పళ్లెంలో బ్యాక్టీరియా తిని పెరిగే జిగురు మేత మీద సన్నటి తీగతో గీసింది. మొదటిసారి అంతా బూజే పట్టింది. రెండోసారి ఎర్రటి మేత మీద తెల్లగా, తడిగా, చుక్కలు చుక్కలుగా లేచాయి. వాటిలోంచి ఎంచి గొట్టాల్లోకి మార్చింది. ల్యాబు ఫ్రిజ్జు ఇంకా పాడయ్యే ఉంది. అందుకని కొన్ని గొట్టాలు ఒక స్టీలు డబ్బాలో పెట్టి, మూత మీద టేపు చుట్టి, ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్జు పై అరలో పెట్టింది.

రాత్రి అన్నాలప్పుడు సింహాద్రమ్మ ఆ డబ్బా చూసింది.

"ఏటే ఈస్పరీ ఇది?"

"పురుగులు అత్తా. మినుముకి మేలు సేసే పురుగులు."

"ఓలమ్మో! పెరుగు పక్కన పురుగులేటే!"

"పెరుగు తోడుకునేదీ అలాంటోటి వల్లే."

సింహాద్రమ్మ పెరుగు గిన్నె తీసి కింది అరలో పెట్టింది. తలుపు వెయ్యకుండా అలాగే నిలబడిపోయింది. "నా కొడుకు పోతే నీ కంట ఒక్క సుక్క రాలలేదు. ఈటిని మాత్రం ఇంటికి తెచ్చి దాసుకుంటన్నావు."

ఈశ్వరికి కోపం రాలేదు. "రాలేదత్తా. ఎందుకో నాకూ తెల్దు" అంది.

సింహాద్రమ్మ ఫ్రిజ్జు తలుపు వేసింది. ఆ రాత్రి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తర్వాత్తర్వాత కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్జు తలుపు తియ్యొద్దని పక్కింటి పిల్లల్ని అదిలించేది.

రాజుబాబు గారు వచ్చినప్పుడు ఈశ్వరి గొట్టాలు ఆయన ముందు పెట్టి, జరిగింది చెప్పింది. "పరీక్షకి కుండీల్లో మినుము వేశాను సార్. దీంతో వేసిన వాటికి బుడిపెలు పట్టినాయి, లేనివాటికి లేవు. ఆ ఉత్త ప్యాకెట్లు నేను ఇంక కట్టను."

ఆయన ఒక గొట్టం తీసి వెలుతురుకి ఎత్తి చూశారు. దాన్ని కింద పెట్టి, "విప్పించెయ్యండి. పైవాళ్లకి ఆలస్యమవుతుందని చెప్తాను. తిడతారు, తిట్టనీ" అన్నారు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆగి, ఏసీ మెకానిక్కుకి తనే ఫోను చేశారు. మర్నాడు ఫ్రిజ్జు పనిచేసింది. దానికోసం రాసిన ఉత్తరాలకి జవాబు ఇప్పటికీ రాలేదు.

కట్టిన ప్యాకెట్లన్నీ చింపి, పొడిని మళ్లీ బస్తాల్లో పోశారు. కడుతున్నప్పుడు లేని సరదా చింపడంలో మత్స్యలింగానికి వచ్చింది. బ్యాక్టీరియా పెంచే గాజు ఫ్లాస్కులు ఊపే మిషను బెల్టు తెగిపోయి ఉంటే చేత్తోనే ఊపారు, ఒకరి తర్వాత ఒకరు. సూరన్న కూడా గేటు వదిలి వచ్చి ఫ్లాస్కు పట్టుకునేవాడు. పాటలు మాత్రం మానలేదు, ఫోను జేబులో పెట్టుకుని వినేవాడు. మేత కలిపిన నీళ్లలో బ్యాక్టీరియా పెరిగి గంజిలా చిక్కబడితే, శుద్ధి చేసిన పొడిలో కలిపారు. అనుకున్నదానిలో సగం ప్యాకెట్లే అయ్యాయి. లోవమ్మ ముందుగా వచ్చి తీసుకెళ్లింది. వరి కోతలయ్యాక చల్లింది. ఈ ఏడు ఎలా ఉందో ఇంకా చెప్పలేదు.

ఈశ్వరి మత్స్యలింగానికి కల్చరు మార్చడం నేర్పింది. స్పిరిటు దీపం మీద తీగ ఎర్రగా కాల్చి, చల్లార్చి, పాత గొట్టంలోంచి చుక్క తీసి కొత్తదానిలో గీయాలి. అతను తీగని గొట్టం మూతిదాకా తెచ్చి ఆగాడు.

"పోగొట్టీస్తానేమో అక్కా."

"పోతే మళ్లీ సేద్దాం. నేను లేనప్పుడు సెయ్యడానికి ఇంకో సెయ్యి ఉండాల."

కొత్త కల్చరుకి ఒక పేరు పెట్టి రిజిస్టరులో ఎక్కించాలి. ఆ మాటొచ్చినప్పుడు మత్స్యలింగం కాస్త తటపటాయించి అన్నాడు. "అక్కా, బావ పేరెట్టకూడదేటి? బుల్లిబాబు అని."

సూరన్న పాట ఆపేశాడు. ఈశ్వరి చేతిలో పెన్ను పట్టుకుని ఉంది. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని తనే ఎదురుచూసినట్టు కాసేపు అలాగే ఉంది.

"వద్దురా" అంది. "ఊరి పేరు సాలు."

రావికమతం, మినుము అని రాసింది. తేదీ వేసి, గొట్టాన్ని ఫ్రిజ్జులో మిగతా వాటి పక్కన నిలబెట్టి, తలుపు సరిగా పడిందో లేదో ఇంకోసారి నొక్కి చూసింది. మత్స్యలింగం క్యారియరు విప్పుతున్నాడు. ఈశ్వరి చేతులు కడుక్కుని వచ్చి వాళ్ల పక్కన కూర్చుంది.