మాదన్న ఛాతీ కొలత

ఖాసిం సాబ్ కాలు ఊరికే ఉండదు. మిషన్ మీద గుడ్డ లేకున్నా తొక్కుతూనే ఉంటాడు. ఆదోనిలో ఆయన కొట్టుకు ఎదురుగా నాది దారాలు, గుండీలు అమ్మే అంగడి. ముప్పై ఏళ్ళుగా ఆ ఉత్త మిషన్ చప్పుడు వింటూ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. "సాబూ, ఆ కాలు కాసేపు ఆపకూడదా?" అంటే, "నేను ఆపినా అది ఆగదు చక్రపాణప్పా" అని నవ్వేవాడు. పోయిన మాఘమాసం నుంచి ఆ నవ్వు పోయింది, చప్పుడు మాత్రం రెండింతలైంది.

ఆయన పుట్టింది ఎమ్మిగనూరులో. పన్నెండేళ్ళకే అక్కడ మేనమామ దగ్గర సూది పట్టాడు. జమీలాను చేసుకున్నాక ఆదోని వచ్చి కొట్టు పెట్టాడు. పెట్టిన కొత్తలోనే ఒక పొద్దున, దేవనకొండ అవతలి పల్లె నుంచి కోర్టు వాయిదాకు వచ్చిన పడుచువాడొకడు, బస్టాండు కొట్లాటలో వీపు మీద చొక్కా చినిగిపోయి ఈయన కొట్టులో దూరాడు. చిరుగు కనబడకుండా కుట్టిచ్చాడు ఖాసిం. ఆ పూటే కేసు కొట్టేశారు. ఆ పడుచువాడే మాదన్న. అప్పటినుంచి ఇంకో దర్జీ కుట్టిన గుడ్డ ఒంటి మీద వేసుకోలేదు.

తర్వాత మాదన్న నాలుగూళ్ళకు పెద్ద అయ్యాడు. ఆయన ఊఁ అంటేనే పెళ్ళి, ఊఁ అంటేనే బోరు. అవతలి ఊరి శేషప్ప వర్గంతో పాతికేళ్ళ పగ. రెండు చావులు మాదన్న చేయించినవేనని ఊరందరికీ తెలుసు, కోర్టుకు మాత్రం తెలియదు. నాకు ఆ మనిషి ఎప్పుడూ గిట్టలేదు. వచ్చినప్పుడల్లా జీపు నా అంగడికి అడ్డంగా పెట్టించేవాడు. ఆ రోజుకు నా బేరం గోవిందా. గట్టిగా అడిగానా అంటే, లేదు. నవ్వి నమస్కారం పెట్టేవాణ్ణి.

ఆయన పెద్దరికమంతా ఒక రాతి మీద నిలబడింది. మాదన్న ఊరి చావడి ముందు నున్నటి రాతిగుండు ఉంది. ఉగాది నాడు దాన్ని మోకాళ్ళ మీదికి, అక్కణ్ణుంచి రొమ్ము మీదికి, రొమ్ము నుంచి భుజం మీదికి ఎత్తి వెనక్కి పడేయాలి. ఇరవయ్యో ఏట మొదలుపెట్టి, యాభై నాలుగు నిండినా మాదన్నే మొదట ఎత్తేవాడు. ఆ తర్వాతే పడుచువాళ్ళు ముట్టాలి.

పోయిన మాఘంలో ఉగాది చొక్కాకు కొలత ఇవ్వడానికి వచ్చాడు. ఖాసిం సాబ్ టేపు చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. కొలతల పుస్తకంలో మాదన్న ఛాతీ నలభై నాలుగు. టేపు మీద ముప్పై తొమ్మిది. మాదన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గి, "బుక్కులో ఎంతుంది సాబూ?" అన్నాడు.

"నలభై నాలుగన్నా."

"అంతే ఉండల్ల. ఆ అంకె కొట్టేసినావంటే నీ చెయ్యి ఉండదు." నవ్వుతూనే అన్నాడు. "చూసేటోనికి నలభై నాలుగే కనబడల్ల. ఎట్ల కుడతావో నీ ఇష్టం."

ఈ సంగతి నాకు దూది వల్ల తెలిసింది. మరునాడు ఖాసిం సాబ్ జిన్నింగ్ మిల్లు వైపు నుంచి దూది మూట చంకన పెట్టుకుని వచ్చాడు. ఆదోనిలో దూదికి కరువు లేదు గానీ, చొక్కాల దర్జీకి దూదితో ఏం పని? నేను వదిలితే కదా! వెనక గదిలోకి తీసుకుపోయి చూపించాడు. రొమ్ముకూ భుజాలకూ దూది కూరి కుట్టిన బనీను. పక్కల్లో బిగించి కట్టుకోవడానికి నాడాలు.

"టేపుకు ఎముకలు తగులుతాండాయప్పా. పొద్దు వాలితే జ్వరమంట. మా మేనమామ గుడా ఇట్లే పోయినాడు. ఇది టీబీ."

"ఆరునెలలు మాత్రలు మింగితే పోయే జబ్బు కదయ్యా! సర్కారు ఆస్పత్రిలో ఉత్తపుణ్యానికి ఇస్తారు. చెప్పలేకపోయావా?"

"సెప్పినా. 'ఆస్పత్రిలో నా పేరు రాసుకుంటారు. ఆ మాపటికే శేషప్ప ఇంట్లో తెలుస్తాది. మాదన్న ఒళ్ళు చెడిందని ఒక్క నోరు అంటే నాలుగూళ్ళూ పోతాయి' అన్నాడు."

"అయితే కొడుక్కు చెప్పు. లోకేష్ బుద్ధిమంతుడే కదా."

"సెప్తే నా నాలుక ఉంటాదా?"

"నాలుక కోసం మనిషిని చంపుకుంటావా?" అని లేచాను.

ఖాసిం సాబ్ నా వైపు సూటిగా చూశాడు. "నువ్వు సెప్పు పో మరి."

నేను వచ్చి నా అంగట్లో కూర్చున్నాను. నాలుక మీద నాకూ ప్రీతే.

ఆ నెల్లాళ్ళూ ఆయన్ను చూడలేకపోయాను. లోకేష్ నంబరు తీయడం, ఫోను మళ్ళీ జేబులో పెట్టుకోవడం. కత్తిరించిన కాలరే మళ్ళీ కత్తిరించడం. "అన్నం ముందర కూసోని గుడా కాలాడిస్తాండాడన్నా, ఏమైంది ఈయప్పకు?" అని జమీలా నన్ను నిలేసింది. ఏమీ లేదమ్మా అన్నాను. అది రెండో పాపం.

ఉగాది పొద్దున్నే మాదన్న జీపు వచ్చింది. బనీను ఖాసిం చేత్తోనే కట్టాలట. "నువ్వు గుడా రాప్పా, నాకు కాళ్ళు ఆడ్తలేవు" అన్నాడు ఖాసిం. చిత్రం, ఆడకపోవడం ఆ కాళ్ళకు తెలుసునా అనుకుంటూ ఎక్కాను.

వాళ్ళ ఊళ్ళో మాదన్న తన గదికి గొళ్ళెం పెట్టి చొక్కా విప్పాడు. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. పక్కటెముకలు లెక్కపెట్టేటట్టున్నాయి. నాడాలు బిగిస్తూ ఖాసిం సాబ్, "ఈ ఏడు లోకేష్ చేత ఎత్తించన్నా. నీ కొడుకే గదా" అని బతిమాలాడు.

"వాడు ఎత్తితే వాడే మాదన్న అయితాడు. నేనేం గావల్ల?"

బయట లోకేష్ తలుపు తట్టాడు. "నాయనా, జనం కాసుకోని ఉండారు." ఖాసిం సాబ్ పెదవులు కదిలాయి. తలుపు తెరుచుకుంది. ఎదురుగా లోకేష్ నిలబడి ఉన్నాడు. అప్పుడు కూడా మా ఇద్దరి నోళ్ళూ లేవలేదు.

ఎండ చురుక్కుమంటోంది. మాదన్న గుండును మోకాళ్ళ మీదికి తెచ్చాడు. జనం ఈలలు వేశారు. రొమ్ము మీదికి తెచ్చాడు. ఎత్తేస్తాడనిపించింది. గిట్టని మనిషే అయినా, ఎత్తితే బాగుండునని మొక్కుకున్నాను. అంతలో దగ్గు వచ్చింది. గుండు జారింది, జారుతూ చొక్కా ముందు భాగాన్ని బనీనుతో సహా చీల్చేసింది. నేనమ్మిన గుండీలు నా కాళ్ళ దగ్గరికే వచ్చి పడ్డాయి. లోపలి దూది ముద్దలు ముద్దలుగా బయటికి వేలాడింది.

"అయ్యో, దీంట్లో మనిషి యాడుండాడే?" అంది ఒక ముసలామె. పాపం, జాలితోనే అంది.

వెనకనుంచి ఒకడు నవ్వాడు. తర్వాత చాలామంది నవ్వారు, మాదన్న ఇంట్లో రోజూ తిన్నవాళ్ళతో సహా. దగ్గుతో వచ్చిన నెత్తురు దూది మీద పడ్డాకగానీ ఆ నవ్వు ఆగలేదు.

శేషప్పకు కత్తి తీసే పని కూడా లేకపోయింది. వానలు పడేలోపు రెండూళ్ళు అటు పోయాయి, జీపు వెంట తిరిగే కుర్రాళ్ళూ పోయారు. ఇంత జరిగినా మాదన్న ఆస్పత్రికి పోలేదు. నవ్విన ఊళ్ళో నడవనని గది పట్టాడు. శ్రావణంలో లోకేష్ బలవంతంగా కర్నూలు తీసుకుపోతే, ఇప్పుడా తెచ్చేది అన్నారట డాక్టర్లు. దసరా చూడలేదు. మట్టి చేసేటప్పుడు మేం పోలేదు, మొహం చెల్లక. పుస్తకంలో ఆ నలభై నాలుగు అట్లాగే ఉంది.

పోయిన వారం నేను అంగట్లో కునుకుతుంటే మెలకువ వచ్చింది. ఎదుటి మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఖాసింకు ఏమైందోనని పరుగెత్తాను. ఖాసిం సాబ్ టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందు లోకేష్.

"నాయన కొలతకే కుట్టు మామా. ఈ ఉగాదికి గుండు నేనెత్తుతా. నవ్వినోళ్ళు సూడల్ల."

"పోయిన ఉగాదికి బుక్కులో నీది నలభై ఒకటి. ఇప్పుడు ముప్పై ఎనిమిది." ఖాసిం సాబ్ గొంతు వీధిలోకి వినబడుతోంది. "దగ్గు ఎన్నాళ్ళనుంచి?"

"నెలైంది. దుమ్ముకు."

"దుమ్ము గాదు నాయనా. మీ నాయనకు వచ్చిందే. చొక్కా కుట్టను, ఆస్పత్రికి పోదాం రా. మీ నాయనకు టేపు చుట్టిన పొద్దే నాకు తెలుసు. బయపడి సెప్పలేదు. సెప్పుంటే బతికేటోడు."

లోకేష్ ఆయన కాలరు పట్టుకున్నాడు. "తెలుసునా? తెలిసీ దూది కుట్టినావా?"

"కుట్టినా."

"నాకూ తెలుసు" అన్నాను నేను. ఆ మాట ఎట్లా బయటికి వచ్చిందో నాకే తెలియదు.

లోకేష్ చెయ్యి ఎత్తాడు. కొట్టేవాడే, అంతలో దగ్గు తెర వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. నేను నీళ్ళు ఇచ్చాను. ఆ దగ్గు తగ్గేదాకా ఖాసిం సాబ్ కదలకుండా నిలబడ్డాడు. "కొడితే కొట్టు. అది గూడా ఆస్పత్రికి పోయొచ్చినాకనే" అన్నాడు.

కళ్ళు తుడుచుకుని లోకేష్ లేచాడు. మిట్టమధ్యాహ్నం ఖాసిం సాబ్ షట్టరు దించడం నేను చూడడం అదే మొదలు. ముగ్గురం ఆటోలో పోయాం. ఆస్పత్రి వరసలో దేవనకొండ వైపు మొహాలు రెండు మూడు కనబడ్డాయి. బల్ల దగ్గర నర్సమ్మ తలెత్తకుండా, "పేరు?" అంది.

లోకేష్ ఆ మొహాల వైపు చూశాడు. ఇక తిరిగిపోతాడనే అనుకున్నాను.

"లోకేష్" అన్నాడు. ఇంకా గట్టిగా, "నాయన పేరు మాదన్న" అన్నాడు.

ఆమె రాసుకుంది. వెనకవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మమ్మల్ని బెంచీ మీద కూర్చోమన్నారు. పరీక్ష గదిలోకి లోకేష్ పోయాక ఖాసిం సాబ్ కాలు మళ్ళీ ఆడడం మొదలుపెట్టింది. బెంచీ అంతా కదులుతోంది. నేను ఆపమనలేదు.