మెరెరిడ్ ఎత్తుకుపోయిన డైలాగులు

మెరెరిడ్ ప్రొథెరోకి ఒక్కటే జబ్బు. పక్కవాళ్ళ డైలాగు తాను చెప్పేస్తుంది.

తన డైలాగులు ఎలాగూ చెబుతుంది. వాటితో ఆవిడకి కడుపు నిండదు. ఎదుటివాడు నోరు తెరిచి, గాలి పీల్చి, మొదటి అక్షరాన్ని పెదవి మీదికి తెచ్చుకునేలోగా ఆ మాట ఆవిడ నోట్లోంచి వచ్చేస్తుంది. "నువ్వేమంటావో నాకు తెలుసులే. ఇల్లు అమ్మేద్దామంటావు, అంతేగా?" అని. అతగాడు తెరిచిన నోరు మూసుకుని తరవాతి డైలాగు మీదికి గెంతాలి. ఆవిడతో వేషం కట్టి తన డైలాగులన్నీ తనే చెప్పుకుని ఇంటికెళ్ళిన నటుడు వేల్స్ మొత్తంలో లేడని చెప్పుకుంటారు.

ఈ జబ్బు నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఆరేళ్ళప్పుడు వాళ్ళ ఊరి చర్చిలో క్రిస్మస్ నాటకం వేశారు. మెరెరిడ్‌ది గొర్రె వేషం. గొర్రెకి డైలాగు లేదు. దేవదూత వేషం కట్టిన బేకరీవాళ్ళమ్మాయి రెక్కలు సర్దుకుంటూ కాస్త ఆలస్యం చేసింది. అంతే, గొర్రె రెండు కాళ్ళ మీద లేచి నిలబడి, "భయపడకండి! మీకో శుభవార్త!" అని అరిచింది. గొర్రెల కాపరులు నిజంగానే భయపడ్డారు.

"నీకెందుకే ఆ మాట?" అని ఇంటికెళ్ళాక వాళ్ళమ్మ చెవి మెలిపెట్టింది.

"ఎవరో ఒకరు చెప్పాలిగా!" అంది గొర్రె.

పెద్దయ్యాక లండన్‌లో పెద్ద పెద్ద స్టేజీలెక్కింది. అక్కడా అదే పని. టీవీలో తొమ్మిదేళ్ళు ఆసుపత్రి సీరియల్లో పెద్ద నర్సు వేషం వేసింది. డాక్టరు చెప్పాల్సిన జబ్బు పేరు తానే చెప్పేది, రోగి అడగాల్సిన మంచినీళ్ళు తానే అడిగేది. మంచం మీదున్న ముసలాయన ఆఖరి మాటగా కొడుకుని క్షమించాల్సి ఉంటే, "క్షమించానంటున్నారు, నాకు వినిపించింది" అనేసింది. ముసలాయన ఇంక చేసేదేం లేక చచ్చిపోయాడు. ఒక సినిమాలోనైతే హంతకుడు ఒప్పుకోవాల్సిన నేరం కూడా ఆవిడే ఒప్పేసుకుంది. "అమ్మా, చంపింది వాడు! మీరు కాదు!" అని దర్శకుడు టోపీ తీసి నేలకేసి కొట్టాడట.

యాభై దాటాక సొంత గడ్డ మీద, సొంత భాషలో నాటకాలేస్తానని వేల్స్‌కి తిరిగొచ్చేసింది. కార్డిగన్ ఊళ్ళో పాత చర్చిని నాటకశాలగా మార్చారు. మెరెరిడ్ అక్కడ మకాం పెట్టింది. అక్కణ్ణుంచి నెస్టా బోవెన్ కష్టాలు మొదలయ్యాయి.

నెస్టా అక్కడ ప్రాంప్టరు. స్టేజీ పక్కన తెర చాటున చిన్న స్టూలు మీద, చిన్న దీపం కింద, నాటకం పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది. ఎవరైనా డైలాగు మరిచిపోతే అందించడం ఆవిడ పని. మెరెరిడ్ ఎత్తుకుపోయిన ప్రతి డైలాగు కిందా ఎర్ర పెన్సిలుతో గీత గీయడం ఆవిడ తనకి తాను పెట్టుకున్న పని. పంతొమ్మిదేళ్ళలో ఆ పుస్తకాలకి తట్టు పోసినట్టయింది.

"ఇవాళ తొమ్మిది" అనేది నాటకం అయ్యాక, ఎర్ర గీతలు చూపిస్తూ.

"తొమ్మిదేనా? ఒంట్లో బాగాలేదు పిల్లా" అనేది మెరెరిడ్. నెస్టాకి యాభై నాలుగేళ్ళు. ఆవిడకి మాత్రం పిల్లే.

ఆ ఏడాది కొత్త నాటకం పట్టారు. రెండే పాత్రలు. ముసలి జాలరి, అతని భార్య. నలభై ఏళ్ళ కిందట వాళ్ళ పడవని సముద్రం మింగేసిందని భార్య నమ్ముతుంటుంది. నిజానికి దాన్ని తగలబెట్టింది మొగుడే. చివర్లో అతను ఆ సంగతి ఒప్పుకోవడమే నాటకానికి ప్రాణం. జాలరి వేషం గెథిన్ వాట్కిన్‌ది. డెబ్బై రెండేళ్ళు, గంట లాంటి గొంతు, గొంతుని మించిన గర్వం.

రిహార్సల్స్‌లో మెరెరిడ్ చెలరేగిపోయింది. ఒక్కరోజే పద్నాలుగు డైలాగులు మింగింది. గెథిన్ తిన్నగా దర్శకుడు అనెయిరిన్ దగ్గరికెళ్ళాడు.

"నేను నటుణ్ణా, ఆవిడ పక్కన పెట్టిన కుర్చీనా? తేల్చి చెప్పు!"

అనెయిరిన్‌కి అసలే నిద్ర లేదు. మార్చి ఒకటి, వేల్స్ వాళ్ళ పెద్ద పండగ సెయింట్ డేవిడ్ రోజు మధ్యాహ్నం ఆటని టీవీలో నేరుగా ప్రసారం చేస్తామన్నారు. తప్పు దొర్లితే దిద్దుకునే వీలుండదు. దేశమంతా చూస్తుంది. పండగరోజు పొద్దున్నే మెరెరిడ్, గెథిన్, నెస్టా ముగ్గుర్నీ కూర్చోబెట్టి టీ పోశాడు.

"మెరెరిడ్ గారూ, కాళ్ళు పట్టుకుంటాను. ఇవాళ ఒక్కరోజు ఆయన డైలాగులు ఆయనకి వదిలెయ్యండి. లేకపోతే వచ్చే నెల ఊళ్ళు తిరిగే ప్రదర్శనలకి ఇంకొకర్ని చూసుకోవాల్సొస్తుంది."

మెరెరిడ్ గెథిన్ మొహంలోకి చాలాసేపు చూసింది. "గెథిన్, నిజంగా అదే కావాలా నీకు?"

"నా మాట నన్ను చెప్పనీ. అంతే!"

"సరే. మా అమ్మ మీద ఒట్టు. నీ మాట ఒక్కటి కూడా నా నోట రాదు." మెరెరిడ్ వెల్ష్ కేకు ముక్క నోట్లో పెట్టుకుంది కానీ నమలడం మరిచిపోయింది.

రెండు గంటలకి ఆట మొదలైంది. హాలు కిటకిటలాడుతోంది, అందరి కోట్లకీ పండగ గుర్తుగా పచ్చటి డాఫోడిల్ పూలు. మూడు కెమెరాలు ఎర్ర దీపాలు వెలిగించుకుని చూస్తున్నాయి. గెథిన్ ఖంగుమని మొదలెట్టాడు. మెరెరిడ్ పెదవులు కదలబోతాయి, బిగుసుకుంటాయి. మళ్ళీ కదలబోతాయి. ఆవిడ పళ్ళ మధ్య నాలుక నొక్కిపెట్టుకోవడం నెస్టాకి కనిపిస్తూనే ఉంది. మొదటి అంకం అయింది. పుస్తకంలో ఒక్క ఎర్ర గీత కూడా పడలేదు.

చివరి రంగం వచ్చింది. మెరెరిడ్ బల్ల దగ్గర కూర్చుని అంది: "నలభై ఏళ్ళుగా ఆ సముద్రాన్ని తిడుతున్నాను. నోరు నొప్పెట్టింది. ఇంకెవర్ని తిట్టమంటావు?"

గెథిన్ చెప్పాల్సింది: "నన్ను తిట్టు. పడవ తగలబెట్టింది నేనే."

గెథిన్ చెప్పలేదు.

బాగా ఆగాడు, అనుకుంది నెస్టా. మూడు లెక్కపెట్టింది. ఐదు. ఎనిమిది. అప్పుడు గెథిన్ చెవి వెనక చెమట బొట్టు జారడం కనిపించింది. అతని కళ్ళు దారి తప్పినవాడి కళ్ళలా గోడ మీద తిరుగుతున్నాయి. ఇది నటన కాదు. మాట పోయింది!

అందించాలి. నెస్టా నోరు తెరిచింది. గొంతులోంచి మూత పెట్టిన కెటిల్ మూలిగినట్టు చిన్న చప్పుడొచ్చింది. తనకే వినపడలేదు. ఇదేమిటి? ఇంతకుముందు ఎన్నిసార్లు అందించలేదూ? వేరేవాళ్ళ నాటకాల్లో రోజుకి నాలుగైదుసార్లు అందిస్తూనే ఉంటుంది. మరి మెరెరిడ్ నాటకంలో?

ఒక్కసారీ లేదు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా. మెరెరిడ్ స్టేజీ మీదుండగా ఎవరూ, ఏనాడూ డైలాగు మరిచిపోలేదు. మరిచిపోయేలోగా ఆ డైలాగు ఆవిడ నోట్లో ఉండేది.

పన్నెండు. పదమూడు. ముందు వరసలో ఎవరో దగ్గారు. అనెయిరిన్ హాలు వెనక గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. మెరెరిడ్ చూపు తెర వైపు తిరిగింది. నెస్టా పుస్తకం ఒళ్ళో పడేసి రెండు చేతులూ ఊపింది. చెప్పెయ్యండి! ఒట్టు గాలికి పోనివ్వండి, చెప్పెయ్యండి!

మెరెరిడ్ నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

లేచింది. తొందరేం లేనట్టు పొయ్యి దగ్గరికి నడిచింది. ఆ నాలుగడుగులూ నెస్టాకి నాలుగు మైళ్ళలా తోచాయి. పొయ్యి మీద అగ్గిపెట్టె ఉంది. తీసింది. చెవి దగ్గర ఒకసారి ఆడించింది. హాలంతా పుల్లల చప్పుడు వినిపించింది. గెథిన్‌కి ఎదురుగా వచ్చి అతని చెయ్యి పట్టుకుని, అరచేతిలో అగ్గిపెట్టె పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

గెథిన్ తన గుప్పిటవైపు చూశాడు. ఇంకా చూశాడు.

"నేనే" అన్నాడు గొంతు పగిలి. "నన్ను తిట్టు. పడవ తగలబెట్టింది నేనే."

ఇంక ఆగలేదు. మిగిలిన రంగమంతా వరదలా వచ్చేసింది. తెర పడేసరికి హాలంతా లేచి నిలబడి ఉంది.

లోపల గెథిన్ కోటు విప్పకుండానే మొదలెట్టాడు. "చూశారా ఆ నిశ్శబ్దాన్ని? కావాలనే లాగాను! ఈవిడ అడ్డు తప్పుకుంటే గెథిన్ వాట్కిన్ అంటే ఏమిటో ఇప్పటికి తెలిసిందా?"

"వెన్నులో చలి పుట్టిందయ్యా" అంది మెరెరిడ్. ఆ మాట అక్షరాలా నిజం.

నెస్టా మెరెరిడ్ వెనకే ఆవిడ మేకప్ గదిలోకెళ్ళి తలుపేసింది. "ఇన్నాళ్ళూ మీరు చేసింది దొంగతనం కాదు."

"మెల్లిగా!"

"ఆయనకి మతిమరుపని మీకు ముందే తెలుసు."

"క్రిస్మస్ దగ్గర్నుంచీ తెలుసు. మాట పోయేముందు మనిషి కనురెప్ప వాలుతుంది పిల్లా. ఎవరికైనా అంతే. కుర్రాళ్ళకి భయంతో పోతుంది, ముసలాళ్ళకి వయసుతో పోతుంది."

"మరి అందరూ మిమ్మల్ని అత్యాశ మనిషని, డైలాగుల దొంగని..."

"దొంగకి వేషాలిస్తారమ్మా, నాకు ఇవ్వడం మానలేదుగా. మరిచిపోయేవాడికి ఎవరిస్తారు?" మెరెరిడ్ పాదాలు బల్ల మీద పెట్టుకుని చెప్పులు విదిలించింది. "ఎక్కడైనా నోరు జారావంటే నీ డైలాగులు కూడా నేనే చెబుతాను, జాగ్రత్త."

తలుపు చప్పుడైంది. గెథిన్ తల లోపలికి పెట్టాడు. ఎవరి కళ్ళలోకీ చూడకుండా గొంతు సవరించుకున్నాడు.

"అదే... ఆలోచించాను. పాపం నీకు ఉండబట్టడం లేదు. పెద్ద వయసులో నాలుక నొక్కిపెట్టుకుంటే ఆరోగ్యానికి మంచిది కాదు. ఒకటీ అరా తీసుకో. నేనేం అనుకోను. అనెయిరిన్‌కీ చెప్పేశాను."

"ఎంత మంచివాడివి గెథిన్!" అంది మెరెరిడ్. నెస్టా గోడవైపు తిరిగి నవ్వు మింగింది.

తరవాతి మంగళవారం ఆటలో ఏడు ఎర్ర గీతలు పడ్డాయి. ఆరింటికీ ముందు గెథిన్ కనురెప్ప వాలడం నెస్టా తన కళ్ళతో చూసింది. ఏడోదానికి వాలలేదు. అతను ఛాతీ విరుచుకుని, నోరు తెరిచి, మొదటి అక్షరం అననే అన్నాడు. అంతలో మెరెరిడ్ అందుకుంది: "ఏమంటావో తెలుసు. సముద్రానికి క్షమించడం రాదు, అందుకే నా దగ్గరికొచ్చానంటావు!" హాలు చప్పట్లతో దద్దరిల్లింది. గెథిన్ నోరు అలాగే ఉండిపోయింది.

నెస్టా పుస్తకం పట్టుకుని గదిలోకి పరిగెత్తింది. "ఆయనకి అది గుర్తుంది! స్పష్టంగా గుర్తుంది!"

"తెలుసు" అంది మెరెరిడ్, శాలువా మడత పెడుతూ.

"మరి ఎందుకు చెప్పారు?"

"ఏం చెయ్యను పిల్లా, ఎంత బావుందో ఆ డైలాగు!"